ఆకాశం చెప్పనిదే బస్సు కదలదు

గవర్రాజు ఆ రేడియో తెప్పించుకున్నది పాటలు వినడానికే. అంతకు మించి ఆయన మనసులో ఏ దురుద్దేశమూ లేదు. ఆ మాటే తర్వాత విచారణ సంఘం ముందు కూడా చెప్పుకున్నాడు గానీ, సంఘం వారు నమ్మలేదు.

పుల్లేటికుర్తి గవర్రాజు రేవులంక బస్టాండుకి మేనేజరు. గోదావరి పాయల మధ్య కొబ్బరితోటల్లో దూరిపోయిన ఊరది. సెల్‌ఫోన్లలో పాటలు ఇంకా రాని రోజులు. మామూలు రేడియో పెడితే సగం పాట, సగం గరగర. పల్లవి అయ్యి చరణం అందుకునే వేళకి గజ్జిమందు ప్రకటన వచ్చి పడేది. గవర్రాజుకి పాత పాటల పిచ్చి. చరణం దగ్గర గజ్జిమందు వినాల్సి రావడం ఆయనకు నిజంగా బాధగా ఉండేది.

అలాంటి మనిషికి విశాఖపట్నంలో ఉన్న బావమరిది ఒక ఉపగ్రహ రేడియో కొనిపెట్టాడు. చూడ్డానికి బిస్కెట్ల డబ్బా అంత పెట్టె. దానికి తీగతో వేలాడే యాంటెన్నా, చిన్న పలక అంత. గవర్రాజు ఆ రాత్రికి రాత్రే దాని కిటుకంతా చదివేసి, మర్నాడు కాఫీ దగ్గర భార్య సుభద్రకి పాఠం మొదలెట్టాడు.

"ఎక్కడో స్టూడియోలో పాట వేస్తారు. దాన్ని ఓ పెద్ద పళ్ళెం ఆకాశంలోకి పంపిస్తుంది. అక్కడ ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం ఉంటుంది. భూమి తిరిగే వేగానికి సరిగ్గా అదీ తిరుగుతుంది కాబట్టి, మనకి మాత్రం మేకు కొట్టినట్టు ఒక్కచోటే ఉంటుంది. అది ఆ పాట పట్టుకుని మళ్ళీ కిందికి, ఒక్కసారే సగం ఖండం మీద చల్లేస్తుంది. అడవిలో ఉన్నా, సముద్రంలో ఉన్నా, మన లంకలో ఉన్నా ఒకటే పాట, ఒకటే స్పష్టత. ప్రకటనలు ఉండవు. చందా కట్టిన పెట్టె మాత్రమే ఆ తాళం తీయగలదు."

"మరి యాంటెన్నా దక్షిణం వైపు పెట్టారేంటండీ? అది యముడి దిక్కు కదా?"

"ఉపగ్రహం భూమధ్యరేఖ మీద ఉంటుందే. అది మనకి దక్షిణమేగా! యముడితో సంబంధం లేదు."

సంబంధం ఉన్నా వదిలేవాడు కాదు. ఒక స్టేషన్‌లో రోజంతా పాత తెలుగు పాటలు. ఒకదాంట్లో వీణ, ఒకదాంట్లో గజళ్ళు, ఒకదాంట్లో ఆఫ్రికా డప్పులు, ఒకదాంట్లో ప్రపంచ వార్తలు. పెట్టె మీద చిన్న తెరలో పాట పేరు, పాడినవారి పేరు నడిచి వెళ్తూ ఉండేవి. పాడింది ఎవరో తెలియక స్నేహితులతో పందేలు కాసి ఓడిపోయిన మనిషికి అది కాశీయాత్ర కన్నా ఎక్కువ. ఇంట్లో విన్నది చాలక, పెట్టెను ఆఫీసుకి తెచ్చి దక్షిణపు కిటికీలో యాంటెన్నా పెట్టుకున్నాడు.

అక్కడే కథ అడ్డం తిరిగింది.

రాష్ట్ర ప్రజాప్రయాణ మండలి అధ్యక్షులు ఉపేంద్రనాథ్ గారు ఆ నెలలో తనిఖీకి వచ్చారు. ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తలుపు లేదని ఎవరో ఫిర్యాదు పంపితే, అది చూడటానికి వచ్చారు. మేనేజరు గదిలో అడుగు పెట్టగానే వీణ వినిపించింది. ఆయన ఆగిపోయి కళ్ళు మూసుకున్నారు. వెనకాల వస్తున్న అధికారులందరూ కళ్ళు మూసుకున్నారు. మరుగుదొడ్డి సంగతి ఆ క్షణాన అందరూ మర్చిపోయారు.

"ఇది ఎక్కడి ప్రసారం?"

గవర్రాజు సంబరంగా పాఠం మొత్తం అప్పజెప్పాడు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ నిమిషాన్ని తలుచుకుని, నోట్లో నాలుక ఉన్నందుకు తనని తాను తిట్టుకున్నాడు.

"అంటే ఒకే గొంతు, ఒకే సమయంలో, రాష్ట్రమంతా వినిపిస్తుందన్నమాట," అన్నారు ఉపేంద్రనాథ్ గారు.

"రాష్ట్రమేంటండీ, దేశమంతా!"

సరిగ్గా అప్పుడే బయట మైకులో మంగతాయారు గొంతు మోగింది. మంగతాయారు ఆ బస్టాండు అనౌన్సరు. బస్సులతో పాటు ఊళ్ళో సంగతులు కూడా చెప్పడం ఆవిడ అలవాటు. "కాకినాడ బస్సు ఒకటో నంబర్లో ఉందండీ. సూరమ్మ పిన్నిగారూ, కాకినాడ మీరేనండీ, ఆ జీళ్ళ బేరం ఆపి ఎక్కండి. బాబూ పసుపు చొక్కా, కిటికీలోంచి తువ్వాలేసి సీటు ఆపడం కాదు, ముందు ముసలాళ్ళని ఎక్కనివ్వు."

ఉపేంద్రనాథ్ గారి మొహం ముడుచుకుపోయింది.

"ఒకే గొంతు చాలినప్పుడు, మనకి బస్టాండుకో గొంతు ఎందుకు? అందులోనూ ఇలాంటిది?"

వెనకున్న అధికారులు ఆ ప్రశ్నని అప్పటికప్పుడు పథకంగా రాసుకున్నారు.

పథకం పేరు 'నభోవాణి'. 'సమీకృత అంతరిక్ష ప్రకటనా వ్యవస్థ' అని దాని పూర్తి పేరు. మండలి వారు ఉపగ్రహంలో ఒక స్టేషన్ అద్దెకు తీసుకున్నారు. రాజధానిలో స్టూడియో కట్టారు. రాష్ట్రంలో ఏ బస్టాండులో ఏ బస్సు వచ్చినా, అక్కడి నుంచి ఫోన్‌లో రాజధానికి చెప్పాలి. స్టూడియోలో శిక్షణ పొందిన గొంతు ఆ సంగతి చదువుతుంది. అది ఆకాశానికి వెళ్ళి, ఉపగ్రహాన్ని తాకి, అన్ని బస్టాండుల్లోకీ దిగుతుంది. ఇన్నాళ్ళూ మంగతాయారు తల తిప్పి చెప్పిన మాట, ఇప్పుడు డెబ్భై రెండు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి ఆవిడ వెనకున్న డబ్బాలోంచి వినిపిస్తుంది.

పథకానికి మూలపురుషుడు గవర్రాజేనని మండలి ప్రకటించింది. ఆయన్ని 'శ్రవణ సమన్వయ అధికారి'గా నియమించి, రేవులంకలోనే ప్రారంభోత్సవం పెట్టింది. గవర్రాజు పేరు చెక్కిన పాలరాతి పలక గోడకెక్కింది. ఉపేంద్రనాథ్ గారు స్వహస్తాలతో యాంటెన్నాను అనౌన్సర్ గది కిటికీ పక్కన, తమ చేతికి అందే ఎత్తులో బిగించి, లక్కముద్ర వేశారు. మంగతాయారు మైకును గోనెసంచిలో కట్టి గోదాములో పడేశారు. ఆవిడకి 'దూరవాణీ సహాయకురాలు' అని కొత్త పేరిచ్చి ఫోన్ ముందు కూర్చోబెట్టారు.

"నన్నేమన్నా ఫర్వాలేదు గానీ గవర్రాజుగారూ," అంది మంగతాయారు, "ఇక్కడున్న సూరమ్మ పిన్నికి బస్సొచ్చిందని చెప్పడానికి, రాజధానికి ఫోన్ చెయ్యాలాండీ?"

"అభివృద్ధి అంటే అంతే తాయారమ్మా," అన్నాడు గవర్రాజు. పాలరాతి మీద పేరు చూసుకున్న మనిషి అలా అనక ఇంకేమంటాడు? లోలోపల మాత్రం ఆయనకూ ఏదో గుచ్చుకుంది.

మొదటిరోజు జనం నోళ్ళు తెరిచి విన్నారు. ఎంత చక్కటి గొంతు! మాటకీ మాటకీ మధ్య తేనె. "ప్రయాణిక మహాశయులారా, నభోవాణికి స్వాగతము." అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత గొంతు అంది: "ఆదోని వెళ్ళు వాహనము నాలుగవ నిలుపుస్థానమున సిద్ధముగా ఉన్నది."

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రేవులంకలో ఆదోని వెళ్ళేవాళ్ళూ లేరు, నాలుగో నంబరూ లేదు. ఉన్నవే మూడు. ఆదోని రాష్ట్రానికి ఆ చివర ఉంది. ఉపగ్రహానికి మాత్రం ఆదోని వేరు, రేవులంక వేరు కాదు, పైనుంచి అంతా ఒకటే. "పాలకొండ వాహనము రెండవ నిలుపుస్థానము" అని వినిపించగానే, పాలకొండ అంటే పాలకొల్లు అనుకుని సూరమ్మ పిన్ని వెళ్ళి రెండో నంబర్లో ఉన్న బస్సెక్కేసింది. అది రామచంద్రపురం పోయింది.

ఇలా రాష్ట్రమంతటా జనం ఎక్కకూడని బస్సులెక్కి, వెళ్ళకూడని ఊళ్ళకి వెళ్ళడం మొదలైంది. వాళ్ళ బస్సు ప్రకటన వంతు వచ్చేసరికి అసలు బస్సు ఎప్పుడో వెళ్ళిపోయి ఉండేది. ఫిర్యాదులు గుట్టలు పడ్డాయి. మండలి అత్యవసరంగా సమావేశమై, తప్పు ఎక్కడుందో కనిపెట్టింది. తప్పు బస్సులది. ప్రకటన రాకముందే అవి తొందరపడి వెళ్ళిపోతున్నాయి.

కొత్త ఉత్తర్వు వచ్చింది: "నభోవాణి ద్వారా ప్రకటితము కాని ఏ వాహనమూ ప్రాంగణము నుండి కదలరాదు. ఉల్లంఘించిన చోదకుల పైన క్రమశిక్షణా చర్య తీసుకొనబడును."

మొదటి బలి రాజోలు బస్సు డ్రైవరు. ప్రకటన కోసం ఆగి ఆగి, బస్సులో ఎవరికో కళ్ళు తిరుగుతున్నాయని బయల్దేరాడు. వెంటనే సస్పెండ్ చేశారు. ఆ దెబ్బకి మిగతా డ్రైవర్లు గేర్ మీద చెయ్యి వెయ్యడం మానేశారు. బస్సులు వరస కట్టాయి. బస్టాండు నిండింది. కొత్తగా వచ్చేవి రోడ్డు మీద నిలబడ్డాయి. మంగతాయారు ఫోన్ పట్టుకుని అరుస్తూ ఉండేది.

"హలో, రేవులంక అండీ. ముక్తేశ్వరం బస్సు పొద్దున్నుంచి ఉందండి బాబూ!"

"మీ విన్నపము వరుసలో ఉన్నది. మీకు ముందు మందస, మదనపల్లె, మార్కాపురం ఉన్నవి."

"మేము మందస వెనకాల ఎందుకున్నామండీ?"

"అక్షర క్రమము, అమ్మా."

ప్రకటనల మధ్య ఖాళీలో పాటలు వేశారు. ఒకటి ఒప్పుకోవాలి, పాటలు మాత్రం అద్భుతం. కదలని బస్సుల్లో కూర్చుని జనం ప్రకటనల్లేని పాటలు విన్నారు. ప్రయాణం పని లేని పింఛన్‌దార్లు కూడా సాయంత్రాలు కుర్చీలు తెచ్చుకుని వచ్చేవారు. మండలి వార్షిక నివేదికలో ఇలా రాసింది: "నభోవాణి ఆరంభించిన పిమ్మట ప్రయాణికులు మన ప్రాంగణములలో గడుపు సమయము అనేక రెట్లు పెరిగినది. వారు మనలను విడిచి వెళ్ళుటకు ఇష్టపడుట లేదు."

అంతలో దక్షిణపు గాలి తిరిగింది.

బస్టాండుకి దక్షిణాన దొమ్మేటి వెంకన్న కొబ్బరితోట ఉంది. గాలికి మట్టలు ఊగినప్పుడల్లా యాంటెన్నాకీ ఉపగ్రహానికీ మధ్య అడ్డొచ్చేవి. మట్ట అడ్డొచ్చినంతసేపూ మాట మాయం, పక్కకి తప్పుకోగానే మళ్ళీ మాట. ఆ లెక్కన "భీమవరము వెళ్ళు వాహనము బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది, ప్రయాణికులు తమ సామానులు మరువరాదు" అన్న ప్రకటన, రేవులంకలో "భీమవరము వెళ్ళు వాహనము... రాదు" అని దిగింది. భీమవరం వాళ్ళంతా దిగి ఇళ్ళకి పోయారు. ప్రకటనంటూ వచ్చింది కాబట్టి బస్సు ఖాళీగా భీమవరం వెళ్ళింది.

వెంకన్నకి నోటీసు ఇమ్మని పైనుంచి గవర్రాజుకి ఆజ్ఞ. ఆయన తలొంచుకుని తోటలోకి వెళ్ళాడు.

"వెంకన్నగారూ, మీ చెట్లు ఆకాశాన్ని ఆక్రమించుకున్నాయటండీ."

వెంకన్న గెలలు దింపిస్తున్నవాడు ఆగి చూశాడు. "ఆయ్! చెట్లు నా పొలంలోనే ఉన్నాయిగదండీ?"

"మొదళ్ళు మీ పొలంలోనే ఉన్నాయి. మట్టలు మాత్రం మండలి వారి సంకేత మార్గంలో ఉన్నాయి."

"మా తాతలనాటి చెట్లండీ ఇవి. మీ సంకేతమో ఏదో, నిన్నగాక మొన్న వచ్చింది. ఎవరు ఎవరిని ఆక్రమించారో మీరే సెప్పండి."

చెట్లు కొట్టేయమని చెప్పడానికి గవర్రాజుకి నోరు రాలేదు. చివరికి ఇద్దరూ ఒక రాజీకి వచ్చారు. బస్టాండు వైపు వరసలో ఉన్న చెట్లకి మట్టలన్నీ పైకెత్తి, తాళ్ళతో ముడి వేశారు. తోట మొత్తం తలంటుకుని కొప్పు వేసుకున్న ఆడవాళ్ళలా తయారైంది. దారిన పోయేవాళ్ళు ఆగి నవ్వారు. గవర్రాజుకి నవ్వు రాలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి తన సొంత రేడియో పెట్టుకుంటే, ఎంతో ఇష్టమైన పాట వస్తోంది. రెండు చరణాలు విని కట్టేశాడు.

"ఏవండీ, ఒంట్లో బాగాలేదా?" అంది సుభద్ర.

"పాట వింటుంటే భయమేస్తోందే. ఇంకా ఏం ఉత్తర్వు వస్తుందో అని."

ఆయన భయపడినంత పనీ ఒక ఆదివారం పొద్దున జరిగింది.

ఆ రోజు కాకినాడలో టీచరు ఉద్యోగాల పరీక్ష. చుట్టుపక్కల లంకల నుంచి కుర్రాళ్ళూ ఆడపిల్లలూ పడవలు దాటి వచ్చి, ఒకటో నంబర్లో ఉన్న కాకినాడ బస్సు నిండా కూర్చున్నారు. మంగతాయారు తెల్లవారకముందే ఫోన్ చేసి రాజధానిలో వరుస పట్టింది. బస్సు ఇంజిన్ వేసి ఉంది. డ్రైవరు సూరిబాబు చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు. డబ్బా మాత్రం నోరు విప్పలేదు. పాట కూడా లేదు.

కొప్పు వేసిన చెట్లన్నీ బుద్ధిగానే ఉన్నాయి. గవర్రాజు బయటికొచ్చి యాంటెన్నా వంక చూశాడు, అది చూస్తున్న వైపు చూశాడు. చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

అధ్యక్షుల వారు తమ చేతికి అందే ఎత్తులో బిగించిన యాంటెన్నాకి సరిగ్గా ఎదురుగా, దక్షిణం వైపున, ఒకటో నంబరు ఉంది. అందులో బస్సు ఉంది. ఇన్నాళ్ళూ అక్కడ పొట్టి పల్లెబస్సులు ఆగేవి. ఇవాళ పరీక్ష రద్దీకని పంపిన ఎత్తయిన కొత్త బస్సు ఆకాశాన్ని పూర్తిగా కప్పేసింది. బస్సు కదిలితే గానీ ప్రకటన రాదు. ప్రకటన వస్తే గానీ బస్సు కదలదు.

ఆయన రాజధానికి ఫోన్ చేశాడు. "యాంటెన్నా కాస్త డాబా మీదికి మారుస్తానండీ. రెండు నిమిషాల పని."

"అది అధ్యక్షుల వారి ముద్ర వేసిన పరికరము. స్థానచలనమునకు సాంకేతిక ఉపసంఘము సిఫారసు కావలెను."

"పోనీ బస్సుని కొంచెం వెనక్కి తీయిస్తానండీ."

"ప్రకటన కాకుండా కదల్చుట నిషిద్ధము. వెనుకకు కదలుట కూడా కదలుటయే."

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి బస్సులో కలకలం రేగింది. నూకరత్నం అనే అమ్మాయి కిటికీలోంచి తల బయటపెట్టి ఏడుపు ఆపుకుంటూ అడిగింది. "సారూ, నాకు వయసు దాటిపోతోందండీ. మళ్ళీ పరీక్ష రాయనివ్వరండీ. లోపలికి రానిచ్చే వేళ అయిపోతది. పోనివ్వమని సెప్పండి సారూ."

"సూరిబాబూ, పోనీ," అన్నాడు గవర్రాజు.

"పోనిస్తానండీ. నా ఇద్దరు పిల్లల్ని రేపటి నుంచి మీరు పెంచండి," అన్నాడు సూరిబాబు. ఎగతాళిగా అన్నది కాదు, కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. "రాజోలు బస్సు డ్రైవరు ఇంకా ఇంట్లోనే ఉన్నాడండి బాబూ."

గవర్రాజు గోడ మీద పాలరాతి పలక వంక చూశాడు. దాని మీద తన పేరు తళతళలాడుతోంది. అప్పుడాయన ఎన్నడూ చెయ్యని పని చేశాడు. నేరుగా వెళ్ళి లక్కముద్ర పగలగొట్టి, యాంటెన్నా ఊడబీకాడు. దానికి తగిలించిన రేడియో పెట్టె చంకలో పెట్టుకుని, బస్సు వెనకున్న నిచ్చెన పట్టుకుని టాపు మీదికి ఎక్కాడు. పైకి లేచి నిలబడి, యాంటెన్నాను దక్షిణం కేసి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. పెట్టెలో బ్యాటరీ ఉంది. గొంతు పలికింది.

"కదిరి వెళ్ళు వాహనము రెండవ నిలుపుస్థానము నుండి బయలుదేరుచున్నది."

"వచ్చింది ప్రకటన!" అని అరిచాడు గవర్రాజు. "సూరిబాబూ, పోనీ!"

"కదిరి అన్నారు కదండీ?"

"ప్రకటన రాకుండా కదలకూడదన్నారు. ఎవరి ప్రకటనో రూల్లో లేదు. పోనీ అంటుంటే!"

మంగతాయారు ఫోన్ వదిలేసి పరుగెత్తుకొచ్చి బస్సు వెనక చరిచింది. "రైట్ రైట్!" ఆ కేక బస్టాండు అదిరేలా మోగింది. సూరిబాబు కాలు యాక్సిలేటర్ మీద దానంతటదే పడింది. గవర్రాజు దిగడానికి వ్యవధి లేదు. బస్సు రేవులంక బజారు గుండా పోతుంటే, దుకాణాల వాళ్ళంతా బయటికొచ్చి చూశారు. టాపు మీద బాసింపట్టు వేసుకుని, నెత్తిన యాంటెన్నా పట్టుకుని, బస్టాండు మేనేజరు. దారి పొడుగునా పెట్టె పత్తికొండ, పలమనేరు, పాలకొండ అంటూనే ఉంది. బస్సులో పిల్లలు ప్రతి పేరుకీ కేరింతలు కొట్టారు. వంతెన మీద గాలికి ఆయన తువ్వాలు ఎగిరి గోదాట్లో పడింది. ఎందుకో తెలీదు, చాలా రోజుల తర్వాత గవర్రాజు పగలబడి నవ్వాడు.

పరీక్ష హాలు గేటు మూసే వేళకి బస్సు చేరింది. నూకరత్నం పరుగెత్తుతూ ఒక్కసారి వెనక్కి తిరిగి, టాపు మీదున్న మనిషికి దండం పెట్టింది.

విచారణ సంఘం రేవులంకలోనే కూర్చుంది. ముగ్గురు సభ్యులు, మధ్యలో ఉపేంద్రనాథ్ గారు.

"మీరు వాహనము పైకప్పు ఎందుకు ఎక్కితిరి?"

"ఆకాశం అక్కడి నుంచి బాగా కనబడుతుందండీ."

"ముద్ర ఎందుకు పగులగొట్టితిరి?"

"బస్సు అడ్డమొచ్చిందండీ."

"అనగా బస్టాండులో బస్సు అడ్డము వచ్చినదని మీరు అంగీకరించుచున్నారు."

"ఆయ్, అంగీకరిస్తానండీ."

సంఘం ఈ మాటని చాలా సీరియస్‌గా తీసుకుంది. గవర్రాజును శిక్షిస్తే పథకం మూలపురుషుణ్ణే శిక్షించినట్టవుతుంది. అందుకని ఒకే కవరులో ఆయనకొక మందలింపు, ఒక ప్రశంస పంపారు. అసలు సమస్యకి మాత్రం శాశ్వత పరిష్కారం కనిపెట్టారు. "విచారణలో తేలిన అంశము: ప్రాంగణములలో వాహనముల ఉనికియే నభోవాణికి ప్రధాన అవరోధము. కావున ఇకపై బస్టాండులలోనికి బస్సుల ప్రవేశము నిషేధించడమైనది."

అప్పటి నుంచి రేవులంక బస్టాండులో నభోవాణి అడ్డు లేకుండా వినబడింది. ఒక్క మాట పోలేదు. ప్రాంగణం ఊడ్చి నీళ్ళు చల్లారు. పింఛన్‌దార్లు చెప్పుల్లేకుండా తిరిగారు. రాష్ట్రంలో ఉత్తమ ప్రాంగణం అని బహుమతి కూడా వచ్చింది. బస్సులు మాత్రం ఊరి బయట నాలుగురోడ్ల కూడలిలో ఆగేవి. అది ప్రాంగణం కాదు కాబట్టి కదలడానికి ప్రకటన అక్కర్లేదు. జనం అక్కడికి నడిచి వెళ్ళేవారు.

వెళ్ళేవారు గానీ ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియక తోసుకునేవారు. రెండు రోజులు చూసింది మంగతాయారు. మూడో రోజు ఫోన్ పక్కన పెట్టి, కొంగు నడుముకి దోపి, కూడలికి వెళ్ళింది. టీ కొట్టు వెనక ఎత్తుగా ఉన్న అరుగెక్కి గొంతు సవరించుకుంది. "కాకినాడ ఇటండీ, ఈ టీ కొట్టు పక్కన! అమలాపురం అటు, సైకిల్ షాపు దగ్గర! సూరమ్మ పిన్నిగారూ, మళ్ళీ జీళ్ళేనా?" జనం ఊపిరి పీల్చుకున్నారు. గవర్రాజు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. రిపోర్టులో ఆవిడ ఫోన్ దగ్గరే ఉందని రాశాడు.

కూడలిలో జనం పోగవుతున్నారని మండలికి తెలిసింది. జనం పోగయ్యే చోట నభోవాణి లేకపోవడం అన్యాయమని అక్కడో రేకుల షెడ్డు వేయించి, ఒక డబ్బా, ఒక యాంటెన్నా పంపారు. దాన్ని బిగించే బాధ్యత శ్రవణ సమన్వయ అధికారి గవర్రాజుది.

కూడలిలో ఆ డబ్బా నోరు విప్పితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. బస్సుల్ని ఇక్కణ్ణుంచి కూడా తరిమేస్తారు. ఆ తర్వాత జనం బస్సెక్కడానికి చోటంటూ మిగలదు. గవర్రాజు నిచ్చెనెక్కి, ఎంతో శ్రద్ధగా యాంటెన్నా బిగించి, పనివాళ్ళు దిగిపోయాక దాన్ని మెల్లగా ఉత్తరానికి తిప్పాడు. ఉత్తరాన ఎంత వెతికినా ఆ ఉపగ్రహం ఉండదు. డబ్బా వెలుగుతూ ఉంది, ఒక్క చప్పుడూ లేదు. "నిరాటంకముగా పనిచేయుచున్నది. ఫిర్యాదులు లేవు" అని ఆయన నివేదిక రాశాడు.

ఆ నివేదిక చదివి, స్వయంగా చూడాలని ఉపేంద్రనాథ్ గారే వచ్చారు. తెల్లకారు రోడ్డు మీద ఆగింది. గవర్రాజు పరుగున ఎదురెళ్ళాడు. ఆయన్ని షెడ్డులో, డబ్బాకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాడు. టీ కొట్టు వెనక అరుగు అక్కణ్ణుంచి కనబడదు.

"ఏమియు వినబడుట లేదేమి?"

"ప్రకటనల మధ్య విరామమండీ."

ఉపేంద్రనాథ్ గారు కళ్ళు మూసుకుని విరామాన్ని విన్నారు. "ఎంత నిర్మలముగా ఉన్నది!" అన్నారు.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి మంగతాయారు ఎత్తుకుంది. "ముక్తేశ్వరం బస్సు వచ్చేసిందండీ! తోసుకోకండి బాబూ, అందరికీ సీట్లున్నాయి!"

గవర్రాజు కూడా కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. ఎంతసేపటికీ ఏమీ జరక్కపోతే, ఒక కన్ను తెరిచి చూశాడు. ఉపేంద్రనాథ్ గారు డబ్బా వైపు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉన్నారు. మొహం వెలిగిపోతోంది.

"అద్భుతము! గవర్రాజుగారూ, ఇంత సహజముగా ఎన్నడూ వినలేదు. పక్కనే నిలబడి పిలిచినట్లున్నది! భాష కూడా ప్రజలకు దగ్గరగా మార్చినారే! స్టూడియో వారిని అభినందించవలెను."

"తప్పకుండా అభినందించాలండీ," అన్నాడు గవర్రాజు.

"ఓ తెల్లకారాయనా!" ఈసారి గొంతు షెడ్డు రేకులు అదిరేలా మోగింది. "ఆ కారు అక్కడెవరు పెట్టమన్నారండీ? అమలాపురం బస్సుకి అడ్డం! బస్సులో పురిటి మనిషి ఉంది, తియ్యండి ముందు!"

ఉపేంద్రనాథ్ గారు కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచారు. ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి తన కారు కనబడినందుకు ఆయన ఒళ్ళు పులకరించింది. కండువా జారుతున్నా పట్టించుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తి డ్రైవరు మీద విరుచుకుపడ్డారు.

"వినబడలేదటయ్యా? ఉపగ్రహము చెప్పుచున్నది! తియ్యి కారు, తియ్యి!"

కారు వెనక్కి జరిగింది. అమలాపురం బస్సు కదిలి వెళ్ళిపోయింది.